పాముకి పాలు వద్దని ఎందుకన్నానంటే



మొన్న గ్రూపులో నాగపంచమి ఏర్పాట్ల గురించి మాట నడుస్తుండగా ఒక మెసేజి వచ్చింది. ఈసారి గారుడీని మన హాలుకే పిలిపిస్తే ఆడవాళ్ళందరూ ఒకేచోట నాగుపాముకి పాలు పోసుకోవచ్చు, పుట్ట వెతుక్కుంటూ ఊరి బయటికి ఆటోలు కట్టించుకుని పోనక్కర్లేదు అని. దాని కింద వరసగా నమస్కారం బొమ్మలు పడ్డాయి. నేను మాత్రం "వద్దు" అని ఒక్క మాట రాశాను. ఆ తర్వాత ఇద్దరు ఫోన్ చేశారు. "శుభమా అని పండగ చేసుకుంటుంటే పెద్దవారు మీరు అడ్డం చెప్పడం బాగుందా?" అని ఒకరు నేరుగానే అడిగారు. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకని రాస్తున్నాను. కాస్త పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదవండి.

తప్పులుంటే మన్నించాలి. నేను అరక్కోణంలో తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణని మీలో చాలామందికి తెలుసు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది 1982లో సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగంలో చేరాక, స్టేషను బోర్డులూ సినిమా పోస్టర్లూ చూసి. ఈనాటికీ ఒత్తులు ఎక్కడ పడాలో నాకు అనుమానమే.

అసలు సంగతికి వస్తాను. 2023 చివర్లో నేనూ మా ఆవిడా అమెరికాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళి ఆరు నెలలున్నాం. డాలస్ పక్కన ఫ్రిస్కో. మనవడికి అప్పుడు పన్నెండేళ్ళు. కుక్కపిల్ల కావాలని రెండేళ్ళుగా అడుగుతున్నాడట, వాడికి కుక్క వెంట్రుకలు పడవు, తుమ్ములు. చివరికి వాళ్ళ నాన్న డిసెంబరులో ఒక పాముపిల్లను కొని తెచ్చాడు.

అవును, పామే. కార్న్ స్నేక్ అంటారు. విషం ఉండదు. అక్కడ మనం కోళ్ళు పెంచినట్టు ఈ పాముల్ని పెంచి అమ్ముతారు. తెచ్చినప్పుడు జానెడు పైచిలుకు పొడవు, పెన్సిలంత లావు కూడా లేదు. నారింజరంగు మీద ఎర్రని మచ్చలు. ఎప్పుడు చూసినా చుట్ట చుట్టుకునే ఉంటుంది కనక మా ఆవిడ "జిలేబిలా ఉందే" అంది. అదే పేరు ఖాయమైపోయింది.

పేరు పెట్టిందే కానీ మా ఆవిడకు భయం పోలేదు. హాల్లో టీవీ పక్కన దాని గాజుపెట్టె ఉండేది. పొద్దున్నే లేచి దూరం నుంచి దణ్ణం పెట్టుకుని, గోడవారగా వంటింట్లోకి నడిచేది. దానికి తిండి చూసింతర్వాత ఇంకా హడలిపోయింది. వెంట్రుకలు కూడా రాని బొటనవేలంత ఎలుకపిల్లలు, గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు. గోరువెచ్చని నీళ్ళలో కరగబెట్టి, చిమటాతో పట్టుకుని వారానికొకటి ఇవ్వాలి. శాకాహారం ఇంట్లో ఫ్రిజ్‌లో ఎలుకలేమిటని మా అమ్మాయితో గొడవ. దానికోసం గరాజ్‌లో చిన్న ఫ్రిజ్ పెట్టారు. హాల్లో పాము ఉంటే దీపం పెట్టుకోలేనని ఇంకో గొడవ. నెలాఖరుకి పెట్టెను మనవడి గదిలోకి మార్చారు.

అప్పటిదాకా రెండుసార్లు తిని బాగానే అరిగించుకుంది. గది మారాక జనవరి మొదటి వారంలో పెట్టిన ఎలుకపిల్లను మూడో రోజు పొద్దున కక్కేసింది. ఆ వాసన నేను చెప్పలేను. మావాడు ముక్కు మూసుకుని ఏడుస్తూ శుభ్రం చేశాడు. ఆకలితో ఉంటుందని వారం తిరక్కుండానే మళ్ళీ పెట్టాడు. మర్నాడే మళ్ళీ కక్కింది. ఈసారి ఒళ్ళు వడిలిపోయి, వీపు మీద ముడతలు పడ్డాయి. "రేపే దుకాణంలో తిరిగి ఇచ్చేద్దాం" అని అమ్మాయి, "ఇస్తే నేనూ వెళ్ళిపోతా" అని మనవడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టయింది నా పని.

చివరికి పాములకు వైద్యం చేసే పశువుల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో, మెత్తని బట్ట మీద. ఆవిడ తూకం వేసింది. ఎనిమిది గ్రాములు. మన ఇంట్లో రెండు చెంచాల పంచదార అంత. ఆ ప్రాణాన్ని అరచేతిలో పెట్టుకుని ఆవిడ వరసగా ప్రశ్నలు వేసింది. ఎలుకపిల్ల పాము నడుం కంటే ఎంత లావు? తిన్నాక ఎన్ని గంటలకు చేత్తో పట్టుకున్నారు? నీళ్ళు ఎప్పుడు మారుస్తారు? పెట్టెలో వెచ్చని వైపు ఎంత వేడి? రాత్రి ఎంత?

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పర్సనల్ బ్రాంచిలో లీవు రికార్డులూ సర్వీసు రిజిస్టర్లూ రాసినవాణ్ణి. ఆవిడ అడుగుతున్న తీరు నాకు నచ్చింది. కానీ మావాడి దగ్గర ఏ లెక్కా లేదు. "వేడి ఎప్పుడూ ఎనభైయారు డిగ్రీలు ఉంటుంది, నేను రోజూ చూస్తాను" అన్నాడు. అది వాళ్ళ ఫారెన్‌హీట్ లెక్క, మన లెక్కలో ముప్పై.

అప్పుడు డాక్టరమ్మ మావాడికి అర్థమయ్యేట్టు చెప్పింది, అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది. మన ఒంట్లో వేడి మనమే పుట్టించుకుంటాం. పాము పుట్టించుకోలేదు, బయటి నుంచి తెచ్చుకోవాలి. తిన్నాక వెచ్చటి చోట పొట్ట ఆనించి పడుకుంటేనే లోపలి రసాలు పనిచేస్తాయి. చలి తగిలితే అరుగుదల ఆగిపోతుంది, తిన్న ఎలుక కడుపులోనే కుళ్ళడం మొదలవుతుంది. ఆ కుళ్ళు ప్రాణం మీదికి రాకుండా పాము దాన్ని బయటికి తోసేస్తుంది. అంటే కక్కడం దాని తప్పు కాదు, అది ప్రాణం కాపాడుకోవడం. కానీ కక్కినప్పుడల్లా కడుపులో పులుసూ నీరూ పోతాయి, గొంతు పుండవుతుంది. పెద్ద పాము ఓర్చుకుంటుంది. పిల్లపాము రెండోసారికే నీరసిస్తుంది, మూడోసారికి దక్కడం కష్టం.

ఇంకో మాట కూడా చెప్పింది. క్రిప్టోస్పోరిడియం అని ఒక పరాన్నజీవి ఉందట. అది పాము కడుపు గోడకి పట్టి వాచేట్టు చేస్తుంది, తిన్నదల్లా కక్కిస్తుంది, దానికి నమ్మకమైన మందు లేదు. పరీక్షకి పంపుదాం అంది.

కారులో వెనక సీట్లో డబ్బా ఒళ్ళో పెట్టుకుని మావాడు అడిగాడు. "తాతయ్యా, జిలేబి చచ్చిపోతుందా?"

నేను జవాబు చెప్పలేదు. ఎందుకంటే అప్పటికే నా గుండెల్లో రాయి పడింది.

నా సంగతి మీకు తెలుసు కదా. మన హాల్లో మీటింగు అయ్యాక ఫ్యాన్లూ లైట్లూ ఆపేది నేనే. క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ అదే, ఆఫీసులో అదే. అమ్మాయి ఇంట్లో కూడా రోజూ రాత్రి పదింటికి మందులు వేసుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగి అనవసరంగా వెలిగేవన్నీ ఆపేవాణ్ణి. మనవడి గదిలో బల్ల కింద ఒక పొడుగాటి ప్లగ్గుల పెట్టె, దానికో ఎర్రలైటు. వాడు నిద్రపోయాక అది కూడా ఆపేవాణ్ణి. పొద్దున కంప్యూటరు కోసం వాడే మళ్ళీ వేసుకునేవాడు. పాము పెట్టె కింద పరిచిన వేడిపట్టా తీగ కూడా ఆ ప్లగ్గుల పెట్టెకే ఉందని నాకు తట్టలేదు. హాల్లో ఉన్నప్పుడు ఆ ప్లగ్గు టీవీ వెనకాల ఉండేది, నా చెయ్యి అందేది కాదు. గది మారింది, నా చేతికి అందింది. జనవరి నెల, రాత్రి గదిలో పద్దెనిమిది డిగ్రీలు. మావాడు పగలు చూసేసరికి మళ్ళీ ముప్పై.

ఆ రాత్రి పదింటికి అలవాటు ప్రకారం ఆ గది గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. నిజం చెప్పకపోయినా ఎవరికీ తెలియదు. ఇకనుంచి ఆపకుండా ఉంటే సరిపోతుంది. ఏ పరాన్నజీవో అనుకుంటారు. ఈ ఆలోచన నాకు వచ్చిందని ఒప్పుకుంటున్నాను. కానీ పరీక్షలకు డాలర్లు పోతాయి, అది చిన్నమాట. అది చస్తే తన చేతకానితనం వల్లే చచ్చిందని వాడు అనుకుంటాడు. పన్నెండేళ్ళ పిల్లాడు ఆ మాట ఎన్నాళ్ళు మోస్తాడు? పొద్దున్నే లేపి చెప్పేశాను. "జిలేబి జబ్బు నా వల్లేరా. రాత్రిళ్ళు ప్లగ్గు ఆపింది నేనే."

వాడు అరవలేదు. అరిచినా బాగుండేది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం ఆ ప్లగ్గు మీద ఒక కాగితం టేపు అతికించాడు. వాడు శనివారాలు మనబడికి వెళ్తాడు, అక్కడ నేర్చుకున్న అక్షరాలతో తెలుగులో రాశాడు: "ఆపవదు". ద కింద ఒత్తు లేదు. నేను దిద్దలేదు. ఒత్తుల విషయంలో నేను ఎవరినీ దిద్దేవాణ్ణి కాదు.

మర్నాడు ఒక నోటుబుక్కు తీసి గీతలు గీశాను. తేదీ, పొద్దున వేడి, రాత్రి వేడి, నీళ్ళు మార్చిన టైము, బరువు, తిండి, రిమార్కులు. చివర్లో "రాత్రి ప్లగ్గు" అని ఒక కాలం. దాని పక్కన ఇద్దరి సంతకాలు, వాడిదీ నాదీ. అది చూసి మొదటిసారి నవ్వాడు.

వైద్యం అంటే మందులేమీ లేవు. పద్నాలుగు రోజులు తిండి పెట్టకూడదు. మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి, వెచ్చదనం తగ్గకూడదు, దాక్కోవడానికి చోటుండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. పోయిన రసాలు మళ్ళీ ఊరడానికి అంత టైము పడుతుందట. మనం ఒంట్లో బాగాలేని పిల్లల్ని లంఖణం ఉంచినట్టే. ఆ తర్వాత దొరికినవాటిలో అతి చిన్న ఎలుకపిల్ల, దాంట్లో సగం. తిని నిలుపుకుంటే వారం, పది రోజులు ఆగి మళ్ళీ సగం. తర్వాతే పూర్తిది. తిన్నాక రెండు రోజులు చెయ్యి వెయ్యకూడదు.

వారంలో పరీక్ష రిపోర్టు వచ్చింది. ఏ పరాన్నజీవీ లేదు. నా నేరం రుజువైంది, మా ఇంట్లో అందరికీ సంతోషం.

లంఖణం తొమ్మిదో రోజున అనుకుంటాను, మా ఆవిడ ఆగలేకపోయింది. "పసిప్రాణి, ఇన్ని రోజులు పస్తేమిటండీ? కాసిని పాలైనా పొయ్యండి" అంది. అప్పటికి ఆవిడ భయం పోయి జాలి వచ్చేసింది. మనవడు పకపకా నవ్వి, "అమ్మమ్మా, పాములు పాలు తాగవు. తాగితే కడుపు పాడైపోతుంది" అన్నాడు. ఆవిడ వెంటనే, "ఎందుకు తాగవురా, మా నాందేడులో నా చేత్తో పోస్తే గటగటా తాగింది. అడుగు మీ తాతయ్యని" అంది.

వాడు నావైపు చూశాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పనిది. 2003 ఏప్రిల్లో నాందేడు డివిజను ఏర్పడ్డాక నన్ను ఇక్కడికి వేశారు. మరుసటి ఏడు నాగపంచమికి గారుడీ బుట్ట పట్టుకుని క్వార్టర్స్‌కి వచ్చాడు. మనకు దీపావళి వెళ్ళాక నాగుల చవితికి పుట్టలో పాలు పోయడమే తెలుసు, ఎదురుగా పడగ విప్పిన పాముకి పోయడం మా ఆవిడకి అదే మొదలు. పళ్ళెం నేను పట్టుకున్నాను. ఆవిడ పడగకి కుంకుమ పెట్టింది, పాలు పోసింది. అది ఆత్రంగా తాగింది. పదకొండు రూపాయలు ఇచ్చాను. ఆ ఏడు మా అమ్మాయి పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, మంచి జరుగుతుందని ఆవిడ మురిసిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆఫీసుకి నడిచి వెళ్తుంటే కాలనీ గోడవతల మోరీ పక్కన ఒక నాగుపాము చచ్చిపడి ఉంది. వెల్లకిలా తిరిగింది. నోటి దగ్గర విరిగిన పాలలాంటి తెల్లటి తరక. పడగ మీద కుంకుమ ఇంకా ఉంది. పై పెదవి దగ్గర దారం కుట్లు కనిపించాయి. నేను ఇటూ అటూ చూసి, చెప్పు కొనతో దాని మీద కాస్త మట్టి తోసి వెళ్ళిపోయాను. ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు పాలు పోస్తూనే ఉంది, నేను ఏదో ఒక పని కల్పించుకుని ఆ టైముకి ఇంట్లో లేకుండా చూసుకున్నాను.

ఇందులో గుట్టేమీ లేదు, తెలిసినవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. పండగకి వారాల ముందే పాముల్ని పట్టి, కోరలు పీకి, కొన్నిటికి నోళ్ళు కుట్టి, చుక్క నీళ్ళివ్వకుండా బుట్టలో ఉంచుతారు. దాహంతో ఎండిపోయిన ప్రాణి ముందు ఏది పెట్టినా తాగుతుంది. మనం దాన్ని భక్తి అనుకుంటాం. పాలు చంటిబిడ్డకి పాలిచ్చే జాతుల తిండి. పాముపిల్ల గుడ్డులోంచి వచ్చిన రోజునుంచీ తల్లి పాలెరుగదు, పాలు అరిగించుకునే ఏర్పాటు దాని కడుపులో లేదు. కొంత ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మిగతాది కడుపులో విరిగిపోతుంది. పీకిన కోరల పుండు పైన ఉండనే ఉంది. నీరసించినదాన్ని ఎక్కడో పారేసి పోతారు. నాకు మోరీ పక్కన కనిపించింది అదే.

అందుకే హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీవాళ్ళు అటవీశాఖతో కలిసి నాగపంచమి నాడు ఇలాంటి పాముల్ని విడిపిస్తుంటారు. మన మహారాష్ట్రలోనే సాంగ్లీ జిల్లా బత్తీస్ శిరాళాలో నాగపంచమికి బతికున్న నాగుల్ని పట్టి ఊరేగించే ఆచారం ఎంత పేరుమోసిందో మీకు తెలుసు. అది బొంబాయి హైకోర్టు దాకా వెళ్ళింది, కోర్టు దానికి కళ్ళెం వేసింది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నాగుపామును పట్టడం, బుట్టలో పెట్టి ఆడించడం నేరం. మన హాలుకి పిలిపిస్తే ఆ నేరంలో మన సంఘానికీ వాటా ఉంటుంది. 1972లోనే మద్రాసులో రోములస్ విటేకర్ పాముల పార్కు పెట్టాడు. మా బడి వాళ్ళు మమ్మల్ని గిండీ తీసుకెళ్ళి చూపించారు. పాములు పాలు తాగవని అక్కడే విన్నాను. విన్నది పరీక్షలో రాశాను, ఇంటికి తెచ్చుకోలేదు.

ఇంకో సంగతి. నా కథ చదివి మీ పిల్లలు పాము కావాలంటే ఇక్కడ కుదరదని చెప్పండి. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడానికి వీల్లేదు. బాల్ పైథాన్ లాంటి కొన్ని విదేశీ జాతులకు కూడా 2022 సవరణ తర్వాత, 2024లో వచ్చిన నియమాల ప్రకారం పరివేష్ పోర్టల్లో రిజిస్ట్రేషను ఉండాలి. ఇంట్లోకి పాము వస్తే కొట్టకుండా అటవీశాఖ 1926 నంబరుకి ఫోన్ చెయ్యండి.

పండగ మానమని నేను అనడం లేదు. ఇక్కడి మరాఠీవాళ్ళు ఆ రోజు కత్తిపీట పట్టరు, పెనం పెట్టరు, భూమి తవ్వరు, నాగలి కట్టరు. నేల కింద ఏ పాముకి దెబ్బ తగులుతుందో అని. పండగ ఉద్దేశమే పాముకి కష్టం కలగకూడదని. గోడ మీద నాగోబా బొమ్మ వేద్దాం, మట్టి నాగుల్ని చేద్దాం. పాలు దాని ముందు పెట్టి నైవేద్యం అయ్యాక పిల్లలకి ఇద్దాం. చిమ్మిలీ చలిమిడీ ఎలాగూ ఉంటాయి. గారుడీ కుటుంబానికి దానం ఇవ్వాలనుకుంటే బుట్ట తేవద్దని చెప్పి ఇద్దాం. ఆ పూట అతని పొట్ట గడవాలి కదా. నా వంతు ఐదు వందల ఒకటి రాసుకోండి.

"పాముకి పాలు పోసి పెంచినట్టు" అని సామెత ఉంది, తమిళంలోనూ ఉంది. మేలు చేసినవాణ్ణే కాటేసిందని దాని అర్థం. మనం మేలు చేశామో లేదో ఎప్పుడైనా దాన్ని అడిగామా?

ఇది పంపేముందు మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. మోరీ పక్కన పాము దగ్గరకొచ్చేసరికి నా గొంతు కొంచెం పట్టేసింది. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అప్పుడే చెప్పి ఉంటే ఆ తర్వాత పోసేదాన్ని కాదు కదండీ" అంది. అంతే అంది. నిజమే. ప్లగ్గు సంగతి ఒక్క రాత్రికే చెప్పగలిగాను, ఇది ఇరవై ఏళ్ళు దాచాను. ఆ మధ్యలో పోసిన పాల లెక్క నా పేరు మీదే ఉంది.

జిలేబి బాగుంది. ఫిబ్రవరిలో సగం ఎలుకపిల్ల నిలుపుకుంది, మేము ఏప్రిల్లో బయల్దేరేనాటికి పద్నాలుగు గ్రాములు. ఇప్పుడు మూడడుగులు దాటిందట. మనవడు ప్రతి నెలా మొదటి ఆదివారం బరువు తూచి ఫోన్లో చెబుతాడు, నేను ఇక్కడ రిజిస్టర్లో ఎక్కిస్తాను. ఆ ప్లగ్గు మీద కాగితం ఇంకా తియ్యలేదట.

ఆదివారం మీటింగుకి వస్తాను. ఎవరికైనా కోపం ఉంటే అక్కడే అనండి, వింటాను. అయ్యాక లైట్లు మాత్రం నేనే ఆపుతాను.